వాసనల దారి

మోర్నాకి వంటింట్లోంచి గేటు దాకా వెళ్ళడానికి కళ్ళతో పని ఉండేది కాదు. తలుపు తీయగానే గడప రాళ్ళ సందుల్లో థైమ్ అనే చిన్నాకుల మొక్క ఉంటుంది. దాన్ని చెప్పుతో కాస్త నలిపితే వాసన లేస్తుంది. అక్కడి నుంచి ఎడమ వైపు లావెండర్ వరస వెంట నడిస్తే బట్టలారేసే తీగ వస్తుంది. కట్టెల పాక మూలన రోజ్‌మేరీ పొద. దాని కొమ్మ భుజానికి రాసుకున్న చోట కుడికి తిరగాలి. తరువాత కొంత దూరం ఏ వాసనా ఉండదు. ఆ ఖాళీ కూడా ఒక గుర్తే. ఖాళీ అయిపోతూ ఉండగా గాలిలో నిమ్మ పరిమళం తేలి వస్తుంది. అది గేటు పక్కనున్న వర్బీనా పొద. ఆకు ముట్టుకోకపోయినా, పక్కనుంచి మనిషి వెళ్తే చాలు పలకరిస్తుంది.

ఈ దారి ఆమె స్వయంగా వేసుకున్నది. పెళ్ళికి ముందు నుంచీ ఆమె మా వైపు ఉన్ని షెడ్లలో పని చేసేది. గొర్రె మీద నుంచి తీసిన ఉన్నిని వేళ్ళతో సాగదీసి, ఇది ఈ రకం, అది ఆ రకం అని విడదీసే పని. నలభై దాటాక చూపు అంచుల నుంచి తగ్గడం మొదలైంది. ఇక ఆగదని డాక్టరు చెప్పిన వారంలోనే ఆమె మొక్కలు నాటడం మొదలుపెట్టింది. చూపు సాయంకాలంలా మెల్లగా దిగిపోయింది. చివరి వెలుగు పోయేనాటికి తోట ఎదిగి సిద్ధంగా ఉంది.

ఆమె భర్త రవిరి రోడ్డు గ్రేడర్ నడుపుతాడు. ఎండాకాలం మట్టి రోడ్లు చదును చేస్తాడు, చలికాలం గడ్డకట్టిన రోడ్ల మీద కంకర చల్లుతాడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి గ్రేడర్ దిగబోయి మంచు గడ్డ మీద వెల్లకిలా పడ్డాడు. తల వెనక దెబ్బ మానింది గాని వాసన తెలియడం మాత్రం పోయింది. "మా ఇద్దరినీ కలిపితే ఒక మనిషికి సరిపడా సరుకు ఉంది" అని అతనే ముందు పబ్బులో అనేశాడు. దాంతో ఇంకెవరూ వాళ్ళని ఎగతాళి చేయడానికి ఏమీ మిగల్లేదు.

భూగోళానికి కింది సగంలో ఉన్న మాకు జూన్ అంటే చలికాలం. ఆ యేడు జూన్ మొదట్లోనే పొగమంచు మైదానం మీదికి దిగింది. దిగినది లేవలేదు. చుట్టూ కొండల మీద ఎండ కాస్తోందట, పైకి వెళ్ళి వచ్చిన వాళ్ళు చెప్పేవారు. మేము మాత్రం కింద, గిన్నెలో పాల అడుగున ఉన్నట్టు ఉన్నాం. ఆ పొగమంచు ప్రతి కొమ్మకీ, ప్రతి తీగకీ అంటుకుని ముళ్ళుముళ్ళుగా గడ్డకట్టింది. కరెంటు తీగలు చేతి మందాన లావెక్కాయి. గొర్రెలు నీళ్ళు తాగే తొట్లను పొద్దున్నే గొడ్డలితో పగలగొట్టాల్సి వచ్చింది. రవిరి ఇంట్లో ఉన్న గోనెసంచులన్నీ తెచ్చి తోట మీద కప్పాడు.

"ఎలా ఉంది బయట?" అని మోర్నా అడిగేది.

"తెల్లగా ఉంది."

"నిన్న కూడా అదే చెప్పావు."

"నిన్న కూడా తెల్లగానే ఉంది మరి."

ఒక మధ్యాహ్నం ఆమె కోటు వేసుకుని తనే బయటికి వచ్చింది. గాలి లేదు. అయినా ఎక్కడో సన్నగా గలగలమంటోంది. చాలాసేపు నిలబడి వింటే తెలిసింది, అది ఆకులకు పట్టిన మంచు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు. తోట అంతా ఎవరో గాజు సామాను మెల్లగా సర్దుతున్నట్టు ఉంది. ఆమె భయపడలేదు. నిద్రలో నడుస్తున్నట్టు హాయిగా నాలుగడుగులు వేసి, గోనెసంచి కింద చెయ్యి పెట్టి లావెండర్ కొమ్మ పట్టుకుంది. అది పుటుక్కున విరిగి చేతిలోకి వచ్చేసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. చల్లదనానికి వాసన ఉంటే అది ఉందేమో, అంతే.

సెప్టెంబరులో వాయవ్యం నుంచి వెచ్చటి గాలి వచ్చింది. ఒక్క రోజులో చూరుల నుంచి నీళ్ళు కారడం మొదలై, రాత్రికి కాలవలన్నీ మాట్లాడాయి. మర్నాడు పొద్దున రవిరి పనికి వెళ్ళాక మోర్నా తలుపు తీసింది. గడప దగ్గర థైమ్‌ని తొక్కితే వాసన లేచింది. ఆమె ప్రాణం కుదుటపడింది. గోనెసంచులు లాగేసి ఎడమకి తిరిగింది. ఇక అక్కడి నుంచి తడి మన్ను వాసన తప్ప ఏదీ లేదు. కుళ్ళిన ఆకుల వాసన అన్ని వైపుల నుంచీ ఒకేలా వస్తోంది. బట్టల తీగ ఉండాల్సిన చోట లేదు. పాక మూల ఎక్కడో దాటిపోయింది. కాలి కింద నేల మెత్తబడి, చీలమండల దాకా బురదలో దిగింది. ఎన్నో ఏళ్ళుగా తనదైన తోటలో, వంటింటి కెటిల్ కూత వినిపించేంత దూరంలో, ఆమె దారి తప్పింది.

కాసేపు ఎటూ కదలకుండా నిలబడింది. తరువాత చేతికి తగిలిన బొగ్గు డబ్బాని బోర్లించి దాని మీద కూర్చుంది.

భోజనానికి వచ్చిన రవిరికి ఆమె బంగాళదుంపల మడి మధ్య కనిపించింది.

"ఇక్కడేం చేస్తున్నావ్?"

"గేటు కోసం వెతుకుతున్నా."

"గేటు ఇక్కడెక్కడుంది? అదిగో అటు."

"ఎటు?"

అతని కోటు చేతి చప్పుడు మాత్రం వినిపించింది.

"రవిరీ, వేలు పెట్టి చూపిస్తున్నావా?"

"...ఆఁ."

ఆమె నవ్వింది. నవ్వుతూనే అతని చెయ్యి పట్టుకుని లేచింది గాని, ఇంటి దాకా ఆ చెయ్యి వదల్లేదు.

ఆ సాయంత్రం ఆమె మోకాళ్ళ మీద పాకుతూ ప్రతి మొక్క దగ్గరికీ వెళ్ళింది. బొటనవేలి గోరుతో బెరడు గీరి, లోపల తడి ఉందేమో తడిమి చూసింది. అన్నీ ఎండు పుల్లలే. లావెండర్ వరస పోయింది, రోజ్‌మేరీ పోయింది, వర్బీనా వేరు దాకా నల్లబడింది. గడప రాళ్ళ వెచ్చదనానికి థైమ్ ఒక్కటే మిగిలింది.

సంగతి తెలిసి ఆమె చెల్లెలు షీనా డనీడిన్ పట్నం నుంచి కారేసుకుని వచ్చింది. వస్తూ వస్తూ పడవలకు కట్టే నీలం తాడు, నాలుగు గుంజలు తెచ్చింది. భోజనం కూడా చేయకుండా గుంజలు పాతి, గడప నుంచి గేటు దాకా తాడు కట్టేసింది.

"పట్టుకుని నడువక్కా. ఇంతకన్నా తేలిక ఏముంటుంది?"

"నేనేమన్నా గొర్రెనా, తాడు పట్టుకుని పోవడానికి?"

"గొర్రెలే నయం, తాడు లేకపోయినా గేటు దొరుకుతుంది వాటికి. బావా, నువ్వయినా చెప్పు."

"నేను గొర్రెల గురించి మాట్లాడను" అన్నాడు రవిరి. "రోడ్డు మీద చాలా చూశాను."

మోర్నా తాడు పట్టుకునే నడిచింది. నడవక తప్పదు. తాడు ఆమెను గేటు దాకా తీసుకువెళ్ళింది, మళ్ళీ ఇంటికి తెచ్చింది. కానీ అది దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడేది కాదు. ఎండ వచ్చిందనీ, వాన పడబోతోందనీ, పొద్దు వాలిందనీ ఆ తోట చెప్పే కబుర్లు ఒక్కటీ దానికి తెలియవు. ఆమె బయటికి రావడం తగ్గించింది. వంటింటి కిటికీ దగ్గర కూర్చుని రేడియో వినేది. రేడియో కట్టేసి కూడా అలాగే కూర్చునేది.

రవిరి కొన్నాళ్ళు ఊరుకున్నాడు. తరువాత ఒక రోజు పనికి వెళ్తున్నానని చెప్పి వెళ్ళి, సెలవు పెట్టి, ట్రక్కు నిండా మొక్కలు తెచ్చాడు. అక్కను చూడ్డానికి వచ్చిన షీనాతో కలిసి మోర్నా ఊళ్ళో టీ పార్టీకి వెళ్ళిన సమయం చూసుకుని అన్నీ నాటేశాడు. ఏ మొక్క ఎక్కడ ఉండేదో అక్కడే.

తిరిగి వచ్చాక మోర్నా తాడు వదిలేసి గేటు నుంచి లోపలికి రెండడుగులు వేసి ఆగింది.

"ఎవరింటి పిల్లి వచ్చింది ఇక్కడికి?"

"పిల్లా? పిల్లేం లేదే."

"వచ్చి, చేయాల్సిన పని చేసి వెళ్ళినట్టుంది."

రవిరి కంగారుగా గేటు పక్కనున్న ముదురాకుపచ్చ పొదను చూశాడు. "అది బాక్స్ మొక్క. ఎంత చలికైనా చావదని చీటీ మీద రాసుంది."

"చావదు. దాని దగ్గర నిలబడ్డ వాళ్ళు ఆ కంపుకి చస్తారు."

షీనా ముక్కు మూసుకుని నవ్వుతూ ఇంట్లోకి పోయింది. మోర్నా వంగి, తడుముకుంటూ ముందుకు వెళ్ళింది. రోజ్‌మేరీ అసలైనదే దొరికింది అతనికి, కానీ చీలమండ ఎత్తు ఉంది.

"ఇది నా భుజం దాకా ఎప్పుడొస్తుంది?"

"కొన్నేళ్ళు పడుతుంది. నువ్వు కూడా ఏటేటా కాస్త కుంగుతావుగా, మధ్యలో కలుసుకుంటారు."

బట్టల తీగ కింద కొత్త లావెండర్ వరస. ఆకు నలిపి వాసన చూసింది. తను ఎరిగిన లావెండర్ కాదు అది. మా నాయనమ్మల బీరువాల్లో కలరా ఉండల వాసన కొట్టే రకం. ఆమె ఆ మాట అనబోయి ఆగిపోయింది. చేతికి తగిలిన మట్టి మెత్తగా, లోతుగా తిరగేసి ఉంది. ఆ నేల ఇంకా లోపల గడ్డకట్టే ఉంటుందని ఆమెకు తెలుసు. అతని నడుము సంగతీ తెలుసు.

"ఎంతసేపు తవ్వావు?"

"ఎంతోసేపు కాదులే."

"అన్నీ తప్పేనా?" అన్నాడు మళ్ళీ తనే.

"అన్నీ కాదు. రోజ్‌మేరీ సరిగ్గానే తెచ్చావు."

ఇద్దరూ గడప మీద కూర్చున్నారు. షీనా లోపల కప్పులు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. మోర్నా పక్కనున్న థైమ్ ఆకు ఒకటి తుంచి అతని వేళ్ళలో పెట్టింది. ఇన్నేళ్ళలో ఆమె అతన్ని అడగనిది ఒకటుంది.

"నీకు ఇది ఎలా ఉంటుంది రవిరీ?"

అతను ముక్కు దగ్గర పెట్టుకుని బుద్ధిగా పీల్చాడు. "చల్లగా ఉంది. ఆకులా ఉంది. రొట్టె అంటే మెత్తగా ఉంటుంది, సూప్ అంటే వేడిగా ఉంటుంది. అలాగే ఇదీ."

"మరి తోట?"

"తోట బాగుండేది."

"ఏం బాగుండేది?"

అతను ఆకును వేళ్ళ మధ్య తిప్పాడు. "సాయంత్రం పని నుంచి వస్తుంటే, వంతెన దగ్గర మలుపు తిరగ్గానే కనపడేది. ఆ లావెండర్ వరస. కొండలు కూడా ఆ వేళకి అదే రంగులో ఉంటాయి చూడు. ఒక్కోసారి కొండ ఎక్కడ అయిపోయిందో, మన తోట ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. అలా చూస్తూ ఇంజిను ఆపేసి కూర్చునేవాణ్ణి."

"నాకెప్పుడూ చెప్పలేదు."

"రంగుల గురించి నీకు చెప్పడం బాగుండదనిపించింది."

ఆమె అతని వైపు తిరిగింది. "నేనూ అందుకే వాసనల గురించి నీ దగ్గర ఎత్తేదాన్ని కాదు."

ఒకే నేలలో, ఒకే మొక్కల మీద ఇద్దరూ వేరువేరు తోటలు పెంచుకున్నారన్న మాట. పోయినవి కూడా రెండు తోటలు. తను ఒక్కదాని కోసమే ఏడ్చింది.

మరుసటి శనివారం ఇద్దరూ కలిసి నర్సరీ ఉన్న అలెగ్జాండ్రా ఊరికి వెళ్ళారు. కిటికీలు దించి వెళ్ళారు. కొండల మీద అడవి థైమ్ చిగురు వేసే వేళ. ఆ వాసన మలుపు మలుపుకీ చిక్కబడుతోంది. నర్సరీ నడిపే నెట్టా పెద్దావిడ. మోకాళ్ళ నొప్పులతో చక్రాల బల్ల మీద కూర్చుని, దాన్ని కాళ్ళతో తోసుకుంటూ కుండీల మధ్య తిరుగుతుంది. రవిరిని చూడగానే గుర్తుపట్టింది.

"బాక్స్ ఎలా ఉంది బాబూ?"

"బతికే ఉందండీ."

"అదే దానితో వచ్చిన చిక్కు" అంది మోర్నా. నెట్టా చాలాసేపు నవ్వింది.

ఆవిడ ఒక్కో కుండీ తెచ్చి మోర్నా ఒళ్ళో పెట్టేది. మోర్నా ఆకు నలిపి వాసన చూసి, కుండీని పక్కకి తిప్పేది.

"దీని పువ్వు ఏ రంగు?"

"ఊదా" అన్నాడు రవిరి.

"ఊదా అంటే ఎలాంటి ఊదా?"

"ఊదా అంటే ఊదానే."

"ఊదాల్లో వంద ఉంటాయి. చూసినప్పుడు నాకు తెలిసేవి."

అతను కుండీని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. చెమటలు పడుతున్నాయి అతనికి. "మన మొదటి కారు సీట్లు ఉన్నాయి చూడు. వెనక సీటు. ఎండకి వెలిసిపోయినంత మేర కాదు, నువ్వు కూర్చుని లేస్తే కింద కనపడే రంగు."

ఆ రంగు ఆమెకు కనిపించింది. చాలా ఏళ్ళ తరువాత, పూర్తిగా, కళ్ళ ముందుకి వచ్చి నిలబడింది.

"ఇది తీసుకుందాం" అంది.

"మరి దీని వాసన?"

ఇప్పుడు ఆమె తడుముకోవాల్సి వచ్చింది. "చలికాలం పొద్దున్నే గొర్రెలున్న ఉన్ని షెడ్ తలుపు తీస్తే, లోపలి నుంచి ముందుగా ఒక వెచ్చదనం వచ్చి మొహానికి తగులుతుంది చూడు. ఇంకా ఎవరూ పని మొదలుపెట్టక ముందు."

"ఆఁ" అన్నాడు రవిరి నెమ్మదిగా. "తెలుసు నాకది."

నెట్టా బల్ల తోసుకుంటూ దూరంగా పోయి, ఇంకొన్ని కుండీలు తెచ్చింది.

వర్బీనా కూడా తెచ్చింది. మోర్నా దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఆకుల్లో మొహం పెట్టి చాలాసేపు ఉండి, గేటు పక్కన పోయిన పొద సంగతి చెప్పింది.

"మీ మైదానంలోనా అమ్మాయ్?" అంది నెట్టా. "నీ మాట ప్రకారం ఇన్నేళ్ళు బతకడమే దాని మంచితనం. మళ్ళీ పెట్టావంటే మళ్ళీ ఏడుస్తావు."

మోర్నా కుండీ తిరిగి ఇచ్చేసింది. ఇచ్చాక వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది, ఆ తరువాత జేబులో పెట్టుకుంది.

గేటు దగ్గరికి నెట్టా ఒక లైలాక్ మొక్క ఇచ్చింది. చలి గట్టిగా పడకపోతే దానికి పూతే రాదట. ఏడాదిలో కొన్ని రోజులే పూస్తుంది కాబట్టి, మిగతా రోజుల కోసం దాని పక్కన అడవి గులాబీ అంటు. దాని ఆకు వాన పడితే ఆపిల్ పండు వాసన వేస్తుంది. చివరికి రవిరి ఒక కుండీని తనంతట తాను ఎత్తుకుని వచ్చాడు. నీలం పువ్వుల మొక్క. మోర్నా వాసన చూసింది, ఆకు నలిపింది, కాడ గీరింది.

"దీనికి వాసనే లేదు."

"నాకు అక్కర్లేదుగా."

"అవును కదా" అంది ఆమె. "పాక మూల దాటాక ఖాళీ ఉండేది చూడు, అక్కడ పెట్టు. ఎన్ని కావాలంటే అన్ని పెట్టుకో. నాకు అక్కడ ఏ వాసనా ఉండకూడదు."

చలి తగ్గేదాకా ఆగి, ఇద్దరూ కలిసి నాటారు. అతను గొయ్యి తీసేవాడు, ఆమె వేళ్ళతో వేర్లు విడదీసి కూర్చోబెట్టేది. బాక్స్ మొక్కని పెకలించి పబ్బు వెనక దొడ్లోకి ఇచ్చేశారు. అక్కడ తేడా ఎవరికీ తెలియలేదు. నవంబరులో ఒక తెల్లవారుజామున మళ్ళీ మంచు పడబోతోందని రేడియో చెబితే, రవిరి ముందురోజు సాయంత్రమే మంచం మీద దుప్పట్లు కూడా పట్టుకుపోయి తోట మీద కప్పాడు. ఆ రాత్రి వాళ్ళు కోట్లు వేసుకుని పడుకున్నారు. ఒక సేజ్ మొక్క పోయింది. మిగతావి నిలబడ్డాయి.

కొత్త తోట మోర్నాకి వెంటనే లొంగలేదు. చిన్న మొక్కల వాసన చిన్నగానే ఉంటుంది. వంగితే తప్ప వినపడని పసిపిల్లల మాటల్లా ఉండేది. ఎన్నోసార్లు పాత వాసన కోసం మెడ తిప్పి, అది రాక, అడుగు తప్పేది. వర్బీనా కోసమైతే గేటు దగ్గర ప్రతిసారీ ఊపిరి బిగబట్టేది. తాడు తీయించలేదు. దాన్ని పట్టుకుని నడుస్తూ, మధ్యమధ్య వదిలి చూసుకునేది. సాయంత్రాలు రవిరి గేటు దగ్గర ఇంజిను ఆపి, ఆ రోజు ఏది ఏ రంగులో ఉందో అక్కడి నుంచే కేకేసి చెప్పేవాడు. మొదట్లో ఊళ్ళో వాళ్ళు ఆగి చూసేవారు. తరువాత అలవాటైపోయింది.

ఫిబ్రవరిలో షీనా వచ్చింది. పొద్దు వాలుతున్న వేళ. పగలంతా కాసిన ఎండకి రాళ్ళు ఇంకా వేడిగా ఉన్నాయి. గేటు తీసుకుని లోపలికి వస్తూనే మొదలుపెట్టింది.

"తాడు ఇంకా ఉందే. నేనన్నానా, పనికొస్తుందని."

"పనికొస్తోంది" అంది మోర్నా గడప మీద నుంచి. "కళ్ళు మూసుకుని రా."

"నాకెందుకక్కా ఈ వేషాలు? ప్రయాణం చేసి వచ్చాను, టీ పెట్టు."

"వస్తే పెడతా."

షీనా గొణుక్కుంటూ కళ్ళు మూసుకుంది. తాడు వైపు చెయ్యి చాస్తే మోర్నా "అది ముట్టుకోకు" అంది, చూసినట్టే. షీనా నాలుగడుగులు వేసి, దారి పక్కన కొత్తగా వేసిన పుదీనాలోకి తొక్కుకుంటూ పోయింది.

"ఇదేంటి, పుదీనానా?"

"పుదీనా అంటే ఎడమకి ఎక్కువ పోయావు. వెనక్కి రా."

వెనక్కి వచ్చింది. చేతులు ముందుకు చాచి, చీకట్లో మెట్లు దిగే మనిషిలా వస్తోంది. మాటలు తగ్గాయి. ఒక చోట ఆగింది.

"ఇక్కడ ఏ వాసనా రావట్లేదు."

"మీ బావ పువ్వులు అక్కడ. నేరుగా రా."

షీనా రాలేదు. అలాగే నిలబడింది. తేనెటీగలు ఆమె చుట్టూ ఆ చివరి వెలుతురులో తిరుగుతున్నాయి. ఎక్కడో కాలవ నీళ్ళు పారుతున్నాయి. కొండల మీద నుంచి గాలి దిగి, తోటంతా ఒకసారి కదిలి, ఒక్కో వాసనా విడివిడిగా ఆమె దాకా వచ్చి, దాటిపోయింది. ఎప్పుడూ తొందరపడే ఆ మనిషి భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

"కళ్ళు తెరవొచ్చా అక్కా?" అంది చాలాసేపటికి.

"నీ ఇష్టం."

షీనా తెరవలేదు. మోర్నా టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.